అబ్బులు కారులో పోసిన కూలెంటు

అబ్బులు కారుకి ఒకటే జబ్బు. పరుగెత్తేటప్పుడు బాగానే ఉంటుంది, నిలబెడితే మరిగిపోతుంది.

డ్రాగ్ రేసంటే పెద్ద దూరమేమీ కాదు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చలైటు పడగానే తిన్నగా దూసుకుపోతాయి. ఊపిరి తీసి వదిలేలోగా అయిపోతుంది. కాని తన వంతు వచ్చేదాకా ఎండలో, వరసలో కాచుకోవాలి. కిందటి నెల రేసులో అక్కడే కారు కుతకుతలాడి, పరుగు మొదలెట్టకుండానే ఇంటిదారి పట్టింది. "టీ కాచుకోడానికి తెచ్చావా బాబూ?" అని జనం ఒకటే నవ్వు.

ఈసారి ఆ మాట పడకూడదనుకున్నాడు అబ్బులు. రేడియేటర్లో నీళ్లన్నీ వంచేసి చిక్కటి ఆకుపచ్చ కూలెంటు నింపాడు. అది అంత తేలిగ్గా మరగదు. రేసువాళ్ల నిబంధన మాత్రం వేరు. ఉత్త నీళ్లు పోసుకోవచ్చు, కావాలంటే తుప్పు పట్టకుండా కాస్త మందు కలుపుకోవచ్చు. ఈ కూలెంటు మాత్రం పోయకూడదు.

జిలానీ మేస్త్రీ షెడ్డులోకి వచ్చాడు. మూత తీసి, వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు. అబ్బులుకి స్పానరు పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది.

"ఇది వద్దన్నారు కదరా."

"ఎవరు చూస్తారు మేస్త్రీ? గొట్టాలన్నీ కొత్తవి. చుక్క కారదు."

"కారితే?"

"కారితే తుడుస్తారు. ఆమాత్రం గుడ్డ దొరకదా అక్కడ?"

మేస్త్రీ డబ్బాలో మిగిలిన కూలెంటు తెచ్చి, ఇంటికీ షెడ్డుకీ మధ్య గుమ్మం ముందు నున్నటి గచ్చు మీద ఒంపేశాడు.

"తుడువు."

అబ్బులు నవ్వుకుంటూ గొంతుక్కూర్చున్నాడు. ఒక గుడ్డతో తుడిచాడు. పొడిగుడ్డ తీసుకుని మళ్లీ తుడిచాడు. మరక కూడా మిగల్లేదు.

"చూడండి, ఎక్కడుందో చెప్పండి."

"పోయిందా?"

"పోయింది."

మేస్త్రీ గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడి, "ఖైరూ, టీ పట్రా," అని లోపలికి కేకేశాడు.

ఖైరూన్‌బీ మేస్త్రీ భార్య. వాళ్ల కొడుకు రఫీ, అబ్బులు ఒకే కంచంలో తిని, ఒకే షెడ్డులో పని నేర్చుకున్నారు. కిందటేడు అక్కడి రేసులోనే రఫీ కారు జారి గోడని గుద్దుకుంది. ముందు పోయిన కారు ఏదో కార్చుకుంటూ పోయిందని కొందరన్నారు. తుడిచేశాం కదా అని ఇంకొందరన్నారు. ఎవరేమన్నా రఫీ మళ్లీ లేవలేదు. అప్పట్నించీ మేస్త్రీ ఆ రేసుల వైపు అడుగు పెట్టలేదు.

ఆవిడ రెండు చేతులా పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. గచ్చు మీద అడుగు వెయ్యబోయింది.

"అమ్మా! ఆగు! అక్కడే ఉండు!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందని అబ్బులుకి తెలియలేదు. ఒక్క ఉరుకున వెళ్లబోయాడు. కాలు సర్రున జారింది. గుమ్మం పట్టుకుని నిలదొక్కుకుని తలెత్తి చూశాడు. మేస్త్రీ చెయ్యి అప్పటికే ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఉంది.

"ఏంది బేటా ఆ అరుపు? గుండె ఝల్లుమంది," అంటూ ఆవిడ వంగి నేలంతా వెతికింది. "ఏముందిక్కడ? నాకేం కనబడట్లేదే!"

"మనోడికీ కనబడలేదు," అన్నాడు మేస్త్రీ.

కూలెంటుతో ఆకుపచ్చగా తడిసిన గుడ్డ ఆవిడ కంటబడింది. పళ్లెం మెల్లిగా గడప మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అబ్బులు కారు కింద దూరాడు. రేడియేటరు అడుగున మర విప్పి బేసిను పట్టాడు. ఆకుపచ్చ ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. అయినా బయటికి రాలేదు.

కింద నుంచే అన్నాడు. "ఉత్త నీళ్లయితే వరసలో మరుగుతాయి మేస్త్రీ."

"ఇంజను ఆపెయ్. వంతు వచ్చేదాకా తోసుకుంటూ పోవాలి."

"నేను స్టీరింగు దగ్గర కూర్చుంటే మరి తోసేదెవరు?"

అక్కణ్ణించి అబ్బులుకి మేస్త్రీ పాదాలే కనిపిస్తున్నాయి. అవి కదల్లేదు.

"నేనొస్తాలే," అన్నాడు మేస్త్రీ.