విప్పిన కట్టు

ఈ కథ నాకు మొదట చెప్పింది యాదమ్మ. ముప్పై ఏళ్లు మా ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టింది. ఒక్క మాట ఎక్కువ కలిపి చెప్పే మనిషి కాదు.

ఆమె పెనిమిటి భిక్షపతి, చిటికి కట్టే రుద్రయ్య తాత దగ్గర ఆ పని నేర్చుకునేవాడు. నూలు మగ్గమెక్కకముందే, రంగు అంటకూడని చోటల్లా సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతో కట్లు కట్టి తొట్టిలో ముంచుతారు. నూలు మడిచి కడతారు కాబట్టి ఒక్క కట్టే వరసంతటికీ పనిచేస్తుంది. చిలుకైనా ఏనుగైనా ఆ కట్లలోనే ఉంటుంది. మగ్గం మీద బయటపడుతుంది, అంతే.

యాదమ్మ తొలిచూలు బిడ్డ ఎడమ మోచెయ్యి కింద ఏమీ లేకుండా పుట్టి, రెండో రోజు పోయింది.

డాక్టరమ్మ చెప్పింది: "పిండం చిక్కుడుగింజంత ఉన్నప్పుడే చెయ్యెక్కడ, కాలెక్కడ అని జన్యువులు హద్దులు గీస్తాయి. అక్కడే ఒకటి తప్పింది. తల్లి చేసిందేమీ లేదు."

భిక్షపతి చెవికెక్కించుకోలేదు. తాత దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"గ్రహణం నాడు కత్తిపీట ముందలేసుకొని పుంటికూర తరిగింది తాతా. మా అమ్మ కళ్లార చూసింది. దాన్ని పుట్టింట్ల దింపొస్త. మల్ల తెచ్చుకోను."

తాత తను కట్టిన నూలు వాడి ముందు పెట్టాడు. "ఇది ముంచి నెయ్యి. చీర దిగినంక దింపుదువు."

భిక్షపతి ముంచాడు. యాదమ్మ పచ్చి బాలింత, కూర్చుని ఆ రంగు నూలును కండెలకు చుట్టింది. మూడో రోజు మగ్గం మీద మొదటి చిలుక దిగింది. రెక్క లేదు. ఆ పక్క చిలుకకూ లేదు. వరస మొత్తం అంతే.

వాడు కండె తీసి ఆమె మొహాన కొట్టాడు. "నీ చేతులల్లనే ఉందే శని! బిడ్డనట్ల, చీరనిట్ల!"

తాత వచ్చి మగ్గం మీదికి వంగి చూశాడు.

"కండె ఎట్ల చుడితే రెక్క పోతదో, చుట్టి చూపియ్యి రా."

భిక్షపతి కండె చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

తాత బొడ్లోంచి ఒక రబ్బరు ముక్క తీసి వాడి అరచేతిలో పెట్టాడు. దానికి రంగు అంటలేదు.

"నూలు నీకిచ్చే ముందర నేనే విప్పిన," అన్నాడు. "అప్పటికి కండె పుట్టనే లేదు."

భిక్షపతి మగ్గం గుంటలో కూలబడ్డాడు. తల ఎత్తేసరికి యాదమ్మ లేదు. రక్తం కారుతున్న పెదవితోనే నడిచి పుట్టింటికి పోయింది. వాడు మూడుసార్లు వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు. ఆమె బయటికి రాలేదు. ఆ తర్వాతే మా ఇంట్లో కండెల పనికి కుదిరింది.

ఆ చీర ముక్క ఇప్పుడు చేనేత సంఘం ఆఫీసులో అద్దం కింద ఉంది. పక్కన చీటీ: "చూపు మందగించాక రుద్రయ్య చేసిన పొరపాటు." అది రాసిందెవరో నాకు తెలుసు. ఆ రాసినవాడి తండ్రి కట్టిన కట్లు తొట్టిలోనే ఊడిపోయేవి.

తాత చేతిలో ఒక్క కట్టు తప్పలేదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. బాగా వచ్చినవాళ్లెవరైనా ఆ చీటీ పీకి, రుద్రయ్య కావాలని విప్పాడని రాయండి. కండెలు చుట్టింది యాదమ్మ అనీ, ఆమె చేతుల్లో ఏ దోషమూ లేదనీ దాని కిందే రాయండి.