మర పోయిన బోల్టు

"పని చక్కగా వచ్చింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అలాంటప్పుడు చేసిన తీరు కాస్త వంకరైతే మాత్రం తప్పెలా అవుతుంది గురువుగారూ?"

ఈ ప్రశ్న అడిగినవాడు నూకరాజు. అడిగింది లక్కోజు సన్యాసాచారి గారిని, తుని గూడ్సు యార్డు వెనక ఉన్న ఆయన వడ్రంగి షెడ్డులో. విన్నవాళ్ళలో నేనొకణ్ణి గనక ఈ కథకి సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. సన్యాసాచారి గారి పేరు మీరు విని ఉండకపోతే అది మీ చెవుల లోపం. ఆయన చిత్రిక పడితే లేచే పొర ఎంత పల్చగా ఉండేదంటే, దాన్ని కళ్ళకి అడ్డం పెట్టుకుని మేము పేపరు చదువుకునేవాళ్ళం, సినిమా ప్రకటనల్లో చిన్న అక్షరాలతో సహా. అంతటి గురువుకి శిష్యుణ్ణి, నేనూ తక్కువవాణ్ణేం కాదు. నేను నున్న చేసిన పలక మీద వాలిన ఈగ కాలు జారి పడి, సిగ్గుతో ఆ వీధే మానేసింది. కాని ఇది నా గొప్పలు చెప్పుకునే కథ కాదు. గొప్పలు చెప్పుకునే నోళ్ళన్నీ ఒక పూట మూతపడ్డ కథ.

గురువుగారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి ఒక్కసారి చూసి, ఏదో ఒక పని పురమాయించేవారు. వెనకోసారి ఒకడు దేవుడున్నాడా అని అడిగితే, వెళ్ళి ఆ తలుపుకి బందులు బిగించమన్నారు. వాడు బిగించాడు. దేవుడి సంగతి తేలలేదు గాని, ఆ తలుపు ఈనాటికీ కిర్రుమనలేదు. నూకరాజుని కూడా ఆయన అలాగే చూశారు.

"అప్పలకొండ చేసిన మంచం కోళ్ళు వంకరపోయాయని అందరూ అంటున్నారు కదా. నువ్వొక కోడు మిషను మీద పట్టి చూపించరా. చూసి నేర్చుకుంటాడు," అన్నారు.

అంత చిన్న మాటకి నూకరాజు ముఖం పాలిపోయింది. ఎందుకు పాలిపోయిందో మాకు ఆ తర్వాత గాని తెలియలేదు. మీకు మాత్రం ముందే చెబుతాను.

మా షెడ్డులో ఒక రంద మిషను ఉండేది. చెక్క అంచుని తిన్నగా, ముఖాన్ని చదునుగా చేసే యంత్రం అది. ముందూ వెనకా రెండు భాగాలుగా పొడుగాటి ఇనప బల్ల, వాటి మధ్యలో అడ్డంగా గిర్రున తిరిగే కత్తుల రోలరు, ఒక పక్క నిలబెట్టిన ఇనప గైడు. చెక్క ముఖాన్ని ఆ గైడుకి ఆనించి, అంచుని కత్తుల మీదుగా ముందుకి తోస్తాం. గైడు నిట్టనిలువుగా ఉంటే అంచు నిలువుగా వస్తుంది. గైడు వాలితే అంచూ వాలుతుంది. రోలరు తిరగడం మొదలుపెడితే యార్డులో గార్డు విజిలు వినపడక గూడ్సు బళ్ళు నిలబడిపోయేవి. ఆ మిషను మీద నూకరాజుని మించినవాడు లేడు. గురువుగారి తర్వాత మేస్త్రి అతనే అవుతాడని షెడ్డంతా అనుకునేది. చివరికి నేను కూడా ఒప్పుకున్నాను. నేను ఇంకొకరి పనితనం ఒప్పుకోవడం ఎంత అరుదో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

ఆ నూకరాజు ఒక మధ్యాహ్నం, మేమంతా భోజనాలకి వెళ్ళినప్పుడు, ఒక్కడే టేకు దూలం మోసుకొచ్చాడు. దూలం భుజం మీంచి జారి గైడుకి తగిలింది. గైడుని పట్టి ఉంచే బోల్టుకి మర పోయింది. ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంది తప్ప బిగియదు. ఎవరితోనైనా చెబితే సరిపోయేది. కాని మేస్త్రి కావలసినవాడు మిషను పాడుచేశాడని పేరొస్తుందే! అందుకని బోల్టు సందులో సన్నని చెక్క పేడు దూర్చి గైడుని నిలబెట్టాడు. ముట్టకుండా చూస్తే అది నిలువుగానే ఉంది. మూల సరిచూసే మూలమట్టం పెట్టి చూసినా తప్పు కనిపించదు. చెక్క ఆనించి నొక్కితే మాత్రం వెనక్కి వాలుతుంది.

వాలినా నూకరాజుకి ఇబ్బంది లేకపోయింది. అతని చేతిలో అప్పుడున్నది లైబ్రరీ వాళ్ళ చదువుకునే బల్ల. చెక్కలు పక్కపక్కనే అతికించి వెడల్పాటి పలక చెయ్యాలి. అతను ఒక చెక్కని లోపలి ముఖం ఆనించి తోశాడు, దాని జత చెక్కని బయటి ముఖం ఆనించి తోశాడు. ఒక అంచు ఇటు వాలింది, రెండోది అటు వాలింది. రెండూ కలిపితే ఒకదాని వంకర ఇంకోదాని వంకరలో ఒదిగిపోయి పలక చదునుగా కూర్చుంది. ఎంత చదునంటే, దాని మీద గ్లాసుడు నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలియక ఆ నీళ్ళు సాయంత్రం దాకా అలాగే నిలబడ్డాయి. మేమంతా భళా అన్నాం.

అప్పలకొండకి ఆ వెసులుబాటు లేదు. అతను వయసులో మా అందరికంటే పెద్ద, పనిలో అందరికంటే కొత్త. యార్డులో బస్తాలు మోసి మోసి నడుం పోతే, ఇకనైనా వంగకుండా బతకొచ్చని ఈ పని నేర్చుకోవడానికి వచ్చాడు. ఆ మంచం అతని చేతికిచ్చిన మొదటి పని. మంచం కోడుకి నాలుగు ముఖాలూ ఒకదానికొకటి మూలమట్టంగా ఉండాలి. వంకర దాచుకోవడానికి అక్కడ జత చెక్క ఉండదు. అతను నేర్పినది నేర్పినట్టే, గైడుకి గట్టిగా ఆనించి తోశాడు. కోళ్ళన్నీ చదరం పోయి, గాలిపటం ఆకారంలో పక్కకి తోసుకుని వచ్చాయి.

మేము ఊరుకుంటామా! "ఇవి కోళ్ళా, కల్లు పాక నించి వస్తున్న అన్నదమ్ములా?" అన్నాడొకడు. "మావా, నీ మంచం మీద తునిలో పడుకుంటే అన్నవరంలో తెల్లారుతుంది!" అన్నాన్నేను. ఆ మాటకి లేచిన నవ్వుకి షెడ్డు రేకులు ఎగిరి మళ్ళీ వాటి మేకుల మీదే పడ్డాయి. నూకరాజు కూడా నవ్వాడు. నవ్వి, "అది బస్తా కాదు మావా, చెక్క. కాస్త మెత్తగా పట్టుకోవాలి," అన్నాడు.

అప్పలకొండ కోపగించుకోలేదు. "చెయ్యే వంకర తమ్ముడూ. మోతకి అలవాటుపడ్డ చెయ్యి, దీనికి పనికిరాదు. అమావాస్య వెళ్ళాక మళ్ళీ యార్డుకే పోతాను," అన్నాడు.

ఆ మాట విన్న మర్నాడే నూకరాజు గురువుగారిని ఆ ప్రశ్న అడిగాడు. ఆయన కోడు పట్టి చూపించమన్నారు.

షెడ్డంతా మిషను చుట్టూ మూగింది. అప్పలకొండ అందరికంటే ముందు నిలబడ్డాడు. నూకరాజు పని మొదలుపెట్టాడు. ముందు కరెంటు ప్లగ్గు పీకి, తనకి ఎదురుగా కనిపించేచోట వేలాడదీశాడు. తిన్నని చెక్క బద్దని వెనక బల్ల మీద పెట్టి, రోలరుని చేత్తో మెల్లగా తిప్పాడు. కత్తుల అంచులు బద్దని తాకీ తాకనట్టు దాటాయి. వెనక బల్ల కత్తులకి సరిసమానంగా ఉందన్నమాట. ముందు బల్లని వెంట్రుకవాసి దించాడు, ఎక్కువ కొరికితే చెక్క ఎదురు తంతుంది గనక. కోడు మూర కంటే పొడుగుందో లేదో చూశాడు. పొట్టి చెక్క ఎక్కిస్తే వేళ్ళు కత్తుల దగ్గరికి పోతాయి. మేకులేమైనా ఉన్నాయేమోనని తడిమాడు, చెక్కలో నార ఎటు పారుతోందో చూసుకున్నాడు. చేతి గడియారం తీసి, లుంగీ పైకి దోపాడు. మూలమట్టం గైడుకి ఆనించాడు. సందు లేదు. అందరూ తలలూపారు. అంత ముచ్చటగా మిషను సిద్ధం చెయ్యడం ఆ జిల్లాలో ఇంకొక్కడికే చేతనవును, ఆ ఒక్కడూ ఎవరో నేను చెప్పుకోవడం బాగుండదు. ఇక మిగిలింది గైడు బోల్టు బిగువు చూడటం. నూకరాజు చెయ్యి బోల్టు దాకా వెళ్ళింది. దాన్ని ముట్టకుండా దాటిపోయి, కత్తుల మీద మూత సర్దింది.

"తమ్ముడూ, ఒక్క నిమిషం," అన్నాడు అప్పలకొండ. "ఇదంతా నేనూ ఇలాగే చేశాను. నేను తప్పుతున్నది ఇక ఇక్కడే ఉండాలి. చెక్కని గైడుకి ఎంత గట్టిగా ఆనించాలి? మిషను ఆపి ఉంది కదా, ఒకసారి ఆనించి చూపించు."

నూకరాజు సర్దిన మూతనే మళ్ళీ సర్దాడు.

"గట్టిగా ఆనిస్తే నా చేతిలో చెక్క మెలి తిరిగిపోతోంది. మీరంతా నవ్వుతారని ఇది చూపించలేదు," అంటూ అప్పలకొండ తువ్వాలు మడతలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. అది అతని తోపుడు చెక్క. చేతులు కత్తుల మీదికి పోకుండా, దానితోనే చెక్కని నొక్కి తోస్తాం. దాని ముందు సగం లేదు. కత్తులు నమిలేశాయి. నమిలిన గుర్తులు పిడి దాకా వచ్చి, పిడి దగ్గర ఆగాయి. పిడి పట్టుకునేది వేళ్ళతోనని అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నూకరాజు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అతని మెడ మీదినుంచి చెవుల దాకా ఎరుపెక్కడం నేను కళ్ళారా చూశాను. తోపుడు చెక్కని బల్ల మీద పెట్టి, అరచెయ్యి గైడుకి ఆనించి నొక్కాడు. గైడు ముసలి ఆవులా వెనక్కి ఒరిగింది. మూలమట్టం పక్కన వెలుతురు గీత తెరుచుకుంది.

"నీ చెయ్యి కాదు మావా," అన్నాడు. "బోల్టు. దూలం పడేసి దీని మర పోగొట్టింది నేను. పేడు దూర్చి దాచింది నేను. లైబ్రరీ పలక కూడా ఈ వంకర మీదే చేశాను, తిరగేసి మరగేసి. నిన్న నీ కోళ్ళు చూసి నవ్వినప్పుడు కూడా నాకు తెలుసు." ఆ పేడు పీకి అందరికీ కనపడేలా అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. అగ్గిపుల్లంత లేదది.

అప్పలకొండ తిడతాడనుకున్నాం. కొట్టినా అడ్డం వెళ్ళకూడదనుకున్నాను నేను. అతను నూకరాజు వైపు చూడనేలేదు. తన రెండు చేతులూ పైకెత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, ఎవరో అప్పుడే తెచ్చి ఇచ్చిన వస్తువుల్లా చూసుకున్నాడు.

"అయితే ఇవి బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు.

నాకు మాట తోచని సందర్భం అంతకు ముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. అన్నవరం జోకు వేసిన నోరు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తెరవని డబ్బా మూతని కాసేపు బిగించాను. పక్కవాడు శుభ్రంగా ఉన్న నేలని ఊడ్చాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా ఎంతసేపు నిలబడ్డామో గాని, యార్డులో ఒక గూడ్సు వచ్చి, సరుకంతా దింపుకుని, మళ్ళీ వెళ్ళిపోయింది.

చివరికి నూకరాజే తలెత్తకుండా అన్నాడు. "నేనింక ఈ మిషను ముట్టను గురువుగారూ. మీరు వేరే ఎవరినైనా చూసుకోండి."

గురువుగారు కళ్ళద్దాలు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ముట్టకపోతే ఎలారా?" అన్నారు. "రేపణ్ణించి రోజూ పొద్దున్నే దీన్ని అందరికీ సరిచేసి పెట్టేది నువ్వే. ఇది ఎక్కడ అబద్ధమాడుతుందో మాకెవరికీ తెలియదు కదా."