లైటు ఆరిన కారు

మా ఇంట్లో తెలివికి కొదవ లేదు. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యాలి, సొంత బుర్ర వాడితే మనిషి చెడిపోతాడు అని మా తమ్ముళ్ళు గవరయ్యకీ తాతబాబుకీ చిన్నప్పుడే నూరిపోశాను. ఎవరేం చెప్పినా పలక మీద రాసుకుంటాం. చేశాక గీత కొడతాం.

ఆ రోజు పదకొండింటికి మా పెద్దమ్మకి పట్నంలో కంటి ఆపరేషను. తప్పితే మళ్ళీ రెండు నెలలకి గానీ డాక్టరు దొరకడు. పొద్దున్నే కారు తీస్తే, స్టీరింగు ముందు పసుపుపచ్చ లైటు వెలిగింది. మెకానిక్కు మస్తానుకి ఫోను చేశాను.

"కంగారు పడకు పెద్దన్నా! చక్రం దగ్గర సెన్సారని చిన్న ముక్క ఉంటుంది. చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో కారుకి చెప్పేది అదే. బురద పట్టుంటుంది. చక్రం విప్పి తుడవండి. వైర్లు వదులైతే లాగి చూడండి. చక్రం తిరిగేటప్పుడు సిగ్నలు వస్తోందో లేదో చూడండి. లైటు ఆరితే బాగైనట్టే. పెద్దమ్మని ఎక్కించుకుని బయల్దేరండి."

పలక నిండింది. అంతే, చక్రం విప్పాం. చక్రాన్ని అద్దంలా తుడిచాం. ఇక తిప్పి చూడాలి కదా! రోడ్డు మీద దొర్లించాం. రోడ్డేమో పల్లం. ఇంకేముంది, చక్రం ముందు, తాతబాబు వెనక.

"సిగ్నలు వచ్చిందా?" అని అరిచాను.

"లేదన్నయ్యా! మురిక్కాలవ వచ్చింది!"

చక్రం మళ్ళీ కడిగి బిగించాం. లైటు ఆరలేదు. గవరయ్య కనబడిన వైరల్లా లాగాడు. బ్యాటరీ వైరు ఊడింది. అంతే, లైటు ఆరిపోయింది! గీత కొట్టాం. పెద్దమ్మని ఎక్కించాం. కారు కదల్లేదు.

"మస్తాను బయల్దేరమన్నాడు గానీ స్టార్టు చెయ్యమన్లేదుగా?" అన్నాడు గవరయ్య.

ఇలాంటి తమ్ముణ్ణి పెంచినందుకు నా ఛాతీ పొంగింది. ముగ్గురం తోశాం. అరమైలు పోయేసరికి పది దాటింది. పెద్దమ్మ దిగిపోయింది.

"ఒరేయ్, పొర కమ్మింది నా కంటికే అనుకున్నాన్రా!" అని, వచ్చిన ఆటో ఎక్కి చక్కా పోయింది.

మేం మాత్రం మాట తప్పలేదు. పట్నం దాకా ఏడు మైళ్ళూ తోశాం. మూడింటికి ఆసుపత్రి చేరాం. ఆపరేషనైపోయి, కంటికి కట్టుతో పెద్దమ్మ గేటు బయట ఆటో కోసం చూస్తోంది. గేటు పక్కన బోర్డు ఉంది: 'రోగిని దించి, వాహనాన్ని వెంటనే తీసుకుపోవలెను.'

దించడానికి మా కారులో రోగి ఏది? బోర్డు మాట తోసెయ్యడం మా వంశంలో లేదు.

"పెద్దమ్మా, ఎక్కు!" అన్నాను.

"బుద్ధొచ్చిందిరా మీకు!" అంటూ ఎక్కి కూర్చుంది.

"ఇప్పుడు దిగు!"

దించేశాం. గీత కొట్టాం. వెంటనే కారును ఇంటివైపు తోసుకుంటూ వచ్చేశాం.