కొండసీమ తరఫున గవరమ్మ

అనగా అనగా, రాజులు సైతం నలుగురి మాట విని నడిచిన రోజుల్లో, చంద్రవాటి అనే రాజ్యం ఉండేది. అక్కడ ఒక్కో సీమవారు తమలో ఒకరిని ఎన్నుకుని రాజసభకు పంపేవారు.

కొండసీమవారు గవరమ్మను ఎన్నుకున్నారు. ఏ తగవు వచ్చినా ఆమె మాటే వారికి తీర్పు. కానీ సభామంటపంలో అడుగు పెట్టగానే ఆమె గుండె ఝల్లుమంది. ఆకాశాన్ని మోస్తున్నట్టు స్తంభాలు! నడుమ మేరుపర్వతంలా విక్రమసేన మహారాజు! "ఇంత గొప్ప చోట నా గొంతు పెగులుతుందా?" అనుకుంది.

ఆ వేసవిలోనే మంత్రి లేచి, "ప్రభూ, కొండవాగును నగరానికి మళ్ళిద్దాం. తమ జలక్రీడలకు సరస్సు తవ్విద్దాం" అన్నాడు.

సభంతా "భళా!" అంది. గవరమ్మ ఒక్కతే, "వద్దు" అంది.

మంత్రి ఆమెను పక్కకు పిలిచాడు. "ముందు వరుసలో పట్టు ఆసనం వేయిస్తాను, ఊరుకో తల్లీ" అన్నాడు. ఆమె ఊరుకోలేదు. "నగరంలో మేడ ఇప్పిస్తాను" అన్నాడు. ఆమె కరగలేదు. చివరికి కళ్ళెర్రజేసి, "నీ పదవి ఊడగొట్టిస్తాను!" అన్నాడు.

"ఇచ్చింది మీరు కాదు గదా బాబూ, మావాళ్ళు" అంది గవరమ్మ.

ఆ మాట రాజు చెవిన పడింది. "సభంతా ఒకవైపు, నువ్వొక్కదానివే ఒకవైపు. నీకు భయం లేదా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు ప్రభూ! కాళ్ళు వణుకుతున్నాయి. కానీ ఆ వాగు పోతే మా పిల్లల నోళ్ళు ఎండిపోతాయి. ఒక్క మనవి. పొద్దుగూకేదాకా ఈ సభలో ఎవరమూ చుక్క నీరు ముట్టవద్దు. ఆపైన తమ చిత్తం."

సభ నివ్వెరపోయింది. రాజు తన ముందున్న వెండి చెంబును పక్కకు నెట్టాడు.

ఎండ ముదిరింది. భళా అన్న గొంతులు మూగబోయాయి. మంత్రి నాలుక పిడచగట్టింది. రాజు మాత్రం వణుకుతూనే నిలబడి ఉన్న ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు గూకింది. రాజు సింహాసనం దిగి వచ్చి, మొదటి నీళ్ళు తన చేత్తో గవరమ్మకు పోశాడు.

"ఒక్క పూటకే నా ప్రాణం విలవిలలాడింది తల్లీ! వాగు మీది. సరస్సు మాట ఇక ఎవరూ ఎత్తరాదు" అన్నాడు.

ఆ తర్వాత కొండసీమవారు మళ్ళీ మళ్ళీ ఆమెనే పంపారు. వయసు మీరి, చూపు మందగించాక గవరమ్మ తనంతట తానే పదవి వదిలింది. ఆమె సభ దాటి వెళ్ళేదాకా ఒక్కరూ కూర్చోలేదు, మహారాజుతో సహా.

భయపడుతూనైనా సరే, తమను పంపినవారి కష్టాన్ని దాచకుండా చెప్పేవారే ఆ పదవికి తగినవారు.