పాలరాతి పద్మం మీద పసుపు

చీమకుర్తిలో అద్దెకుండే సువర్చలకు అన్నీ వచ్చు, ఒక్క "నాకు తెలియదు" అనడమే రాదు. ఎవరేం చెప్పబోయినా "ఆ, తెలుసులెండి" అనేసేది. తెలియదంటే పరువు గంగలో కలిసిపోతుందని ఆమె భయం.

ఇంటావిడ మస్తానమ్మ కింది వాటాలో ఉండేది. ఆమె భర్త కోటయ్య రాళ్ళు పరిచే మేస్త్రీ. ఊళ్ళో ఎందరి ఇళ్ళకో రాళ్ళు పరిచినవాడు, తన ఇంటి హాలు మధ్యలో తెల్లటి పాలరాయితో ఒక పద్మం పొదిగాడు. మిషను తాకనివ్వకుండా, చేత్తోనే రుద్ది రుద్ది నునుపు చేశాడు. ఆ మరుసటి ఏడే పోయాడు. మస్తానమ్మ రోజూ ఆ పద్మాన్ని తడిగుడ్డతో తుడిచేది. పొరపాటున కూడా దాని మీద కాలు పెట్టేది కాదు.

శ్రావణమాసంలో కూతురి పురిటికి అద్దంకి వెళ్తూ ఆవిడ సువర్చలను పిలిచింది.

"మీ వాటా ఇరుకు కదమ్మాయ్, శుక్రవారం పేరంటం మా హాల్లో పెట్టుకో. పద్మం మీద మాత్రం ఏమీ పెట్టబాకు. ఏదన్నా ఒలికితే నాకు ఫోన్ చెయ్యి."

"అదంతా నాకు తెలియదా పిన్నీ! మీరు నిశ్చింతగా వెళ్ళిరండి" అంది సువర్చల.

శుక్రవారం వచ్చింది. ముత్తయిదువుల కాళ్ళకు రాసే పసుపు గిన్నె తీసుకొచ్చి, అందంగా ఉంటుందని పద్మం నడిమధ్యనే పెట్టింది సువర్చల. ఎవరి చీర కుచ్చెళ్ళో తగిలి గిన్నె ఒరిగింది. మాటల సందడిలో ఎవరూ చూడలేదు. అందరూ తాంబూలాలు తీసుకుని వెళ్ళాక చూస్తే, తెల్లటి రేకుల మీద పచ్చటి మరక ఎండిపోయి ఉంది.

సువర్చల గబగబా సబ్బు పెట్టి రుద్దింది. పసుపు కాస్తా ఎర్రబడింది! సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మస్తానమ్మ!

"పేరంటం బాగా జరిగిందా అమ్మాయ్? ఏం ఒలకలేదు కదా?"

"అబ్బే, ఏం లేదు పిన్నీ. ఇల్లు అద్దంలా ఉంది" అంది సువర్చల, ఎర్రటి నీళ్ళు కారుతున్న గుడ్డ పట్టుకుని.

విషయం విన్న భర్త ఆంజనేయులు, "ఆవిడనే అడగరాదూ? రాళ్ళ మేస్త్రీ భార్య, ఏదో ఒకటి చెబుతుంది" అన్నాడు.

"అడిగి, నాకు చేతకాదని ఒప్పుకోమంటారా? ఇత్తడి బిందెలు తళతళలాడించిన చేతులివి!" అని చింతపండు నానేసింది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు మరి.

చింతపండూ ఉప్పూ కలిపి తోమి కడిగింది. ఎరుపు పోయింది కానీ పసుపు పోలేదు. పైగా తోమిన మేర రాయి మెరుపంతా పోయి గుడ్డిదయింది. చెయ్యి వేస్తే గరుకు తగిలింది. నిమ్మకాయ రుద్దింది. గరుకు ఇంకా పెరిగింది. వీధిలో ఆటో ఆగిన చప్పుడైనా సరే మస్తానమ్మేమోనని ఉలిక్కిపడేది. అన్నం సయించలేదు. చివరికి బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి పోసింది. రాయి బుసబుసమని నురగ కక్కింది. కడిగి చూస్తే పద్మం రేకుల అంచులు ఎలుక కొరికినట్టున్నాయి.

ఇక చేసేది లేక దాని మీద చాప పరిచింది.

మస్తానమ్మ తిరిగొచ్చింది. హాల్లోకి అడుగుపెడుతూనే చాప ఎత్తింది. కూలబడి, అరచేత్తో ఆ రేకుల్ని తడిమింది.

"పసుపు ఒలికింది పిన్నీ..." అంది సువర్చల.

"పసుపు సంగతి కాదమ్మాయ్. ఆ తర్వాత ఏం పోశావు?"

సువర్చల ఏడుస్తూ అన్నీ చెప్పింది.

"పులుపు తగిలితే పాలరాయి తినేసుకుపోద్దమ్మా. పసుపంటావా, అది ఎండకి నిలవదు. పొద్దుటెండ ఆ కిటికీలోంచి ఇక్కడే పడుద్ది. తడిగుడ్డతో తుడిచి, కిటికీ తీసి పెట్టుంటే దానంతటదే పోయేది. ఒక్క ఫోన్ చేస్తే చెప్పనా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావే!"

"మిషను పెట్టించి మళ్ళీ మెరిపిస్తాను పిన్నీ!"

మస్తానమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మెరుపు వస్తుందిలే. నేను రోజూ తడిమేది మెరుపుని కాదు, ఆయన చేతి నునుపుని. అది ఏ మిషను తెస్తుంది?"

"నాకు తెలియదు పిన్నీ" అంది సువర్చల. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ మాట అనడం అదే మొదలు. ఏం లాభం, అప్పటికే ఆలస్యమైపోయింది.

నీతి: తెలియదని ఒప్పుకుని అడిగితే పోయేది కాసేపటి పరువే, తెలిసినట్టు నటిస్తే పోయేది మళ్ళీ తిరిగిరానిది కావచ్చు.