కుట్టు పడని గుడ్డ

సిలార్ సాహెబ్ మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరు ఏమడిగినా, సూది కింద ఉన్న కుట్టు చివరికంటా వెళ్లి దారం తెంపాకే ఆయన నోరు విప్పుతారు. జాకెట్టు భుజమైతే ఫరవాలేదు. పరికిణీ అంచైతే మాత్రం అడిగినవాళ్లు గోడకి జేరబడి కూర్చోవలసిందే. ఈలోగా కొందరు అడిగింది కాస్తా మరిచిపోయి లేచి వెళ్లిపోయేవారు. వాళ్లని చూసి ఆయన, “పాపం, వాళ్లకి జవాబు దొరికినట్టుంది,” అనేవారు. కొల్లిమర్లలో ఆయన దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్నవాళ్లంతా ఈ అలవాటుని చాటున తిట్టుకున్నవాళ్లే.

హైమావతి అడిగింది మరిచిపోయే మనిషి కాదు. మొగుడు కాలం చేశాక కూతుర్ని చంకనేసుకుని మాస్టారి గడప తొక్కింది. కాజాలు కుట్టడం దగ్గర మొదలుపెట్టి, ఇంట్లో సొంత మిషను పెట్టుకునేదాకా వచ్చింది. అయినా ఏ సందేహమొచ్చినా ఆయన దగ్గరికే పరిగెత్తేది. ఆ రోజు ఒక తెల్ల పాప్లిన్ గుడ్డని గుండెకి హత్తుకుని వచ్చి, ఆయన ముందు విప్పి పరిచింది.

“పురుషోత్తంగారు బట్టల కొట్టు ఎత్తేశారు మాస్టారూ. వ్యాను వచ్చి సరుకంతా ఊడ్చుకుపోయింది. ఇక మనకి కొట్టేది? మనబోటివాళ్లం ఎక్కడికని పోతాం?”

మాస్టారు దిండు గలేబు కుడుతున్నారు. కుట్టు చివరికి వెళ్లింది, దారం తెగింది. ఆయన పాప్లిన్‌ని ఒకసారి చూసి, ఇంకో గలేబు తీసి సూది కింద పెట్టారు. అంటే జవాబు ఇంకా సిద్ధంగా లేదన్నమాట. హైమ కాసేపు కూర్చుని, గుడ్డ మడిచి ఇంటికి తీసుకుపోయి పెట్టెలో దాచుకుంది.

ఆ గుడ్డ ఆమెకి అంత ప్రాణం కావడానికి కారణం ఉంది. టౌనులో కొత్తగా పెట్టిన నర్సుల బడివాళ్లు యూనిఫారాలు కుట్టేవాళ్ల కోసం చూస్తున్నారు. ముందు ఒక జత కుట్టి చూపించాలి. అది నచ్చితే ఏడాది పొడుగునా పని. ఏడాది పొడుగునా పనంటే కూతురి చదువు ఆగదు, నెల నెలా అన్నగారి గుమ్మంలో నిలబడి వదినగారి మొహం చూడక్కర్లేదు. ఈ సంగతి ఆమె పురుషోత్తంగారితో ఎప్పుడో మాటవరసకి అంది. కొట్టు ఖాళీ చేసే రోజున ఆయన ఆమెకి కబురంపి, బల్ల కిందనించి ఈ ముక్క తీసి చేతిలో పెట్టారు.

“వ్యానువాడికి చూపించలేదమ్మా. మంచి నూలు. నీ జతకి సరిగ్గా వస్తుంది,” అన్నారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ సామెత పుట్టించినవాళ్లు పురుషోత్తంగారి కొట్టు మెట్లెక్కి ఉండరు.

ఆ కొట్టుకి ఇంకో రివాజు కూడా ఉండేది. ఊళ్లో ఏ ఇంట్లో చావు ఏడుపు వినబడినా, అన్నం ముందు కూర్చుని ఉన్నా సరే, చెయ్యి కడుక్కుని వెళ్లి, తలుపు తీసి కూర్చునేవారు ఆయన. వచ్చినవాళ్లు ఏం కావాలో నోరు తెరిచి చెప్పక్కర్లేదు. శవానికి చుట్టే కోరాగుడ్డని గజం బద్దతో కొలిచేవారు కాదు. మూరలు వేసి, కత్తెర తగలనీయకుండా చేత్తో చింపి ఇచ్చేవారు. పెళ్లి బట్టలు కొన్నవాళ్లని “మళ్లీ రండి” అంటూ వీధిదాకా సాగనంపే మనిషి, ఆ గుడ్డ ఇచ్చినప్పుడు మాత్రం తల వంచుకుని ఊరుకునేవారు. హిందువుల ఇళ్లకైనా సాయిబుల ఇళ్లకైనా ఆఖరి గుడ్డ ఆయన చేతిమీదుగా వెళ్లవలసిందే. హైమ మొగుడికీ అలాగే వెళ్లింది.

కొట్టు పోయాక హైమ నానా తంటాలూ పడింది. ఫోన్లో తెప్పించుకుంటే బొమ్మలో తెలుపు, పొట్లం విప్పితే నీలం, ఒంటికి తగిలితే ఉడుకు. టౌనుకి పోతే పెద్ద కొట్టువాళ్లు, “తాను మొత్తం తీసుకుంటావా?” అని మొహం తిప్పుకున్నారు. వారానికోసారి సైకిలు మీద వచ్చే అతని దగ్గర హుక్కులూ దారాలూ దొరికాయి గానీ, ఆ దారం ఒక్క జాడింపుకే రంగు దిగిపోయింది. ప్రతిసారీ మాస్టారి దగ్గరికి వెళ్లి అదే మాట. “ఏదీ మన కొట్టుకి సరిరావడం లేదు. ఇక దేన్ని నమ్ముకోమంటారు మాస్టారూ?” మాస్టారు కుట్టు మీంచి తలెత్తేవారు కాదు. ఈయనకీ తెలియదు కాబోలు, పెద్దరికం అడ్డొచ్చి ఒప్పుకోవడం లేదు అనుకుంది హైమ. అలా అనుకున్నందుకు కొంచెం సిగ్గూ పడింది.

పాప్లిన్ మాత్రం పెట్టెలోనే ఉంది. కత్తెర తప్పితే ఇంకో ముక్క లేదన్న భయంతో రేపు రేపు అంటూ వాయిదా వేసింది. చివరికి బడివాళ్లు సోమవారంకల్లా చూపించమన్నారు. ఆదివారం కూర్చుని కుట్టేయాలని గట్టిగా అనుకుంది.

సరిగ్గా ఆ ఆదివారం తెల్లారేసరికి పురుషోత్తంగారు పోయారు. కొట్టు మూశాక ఆయన ఎన్నాళ్లో బతకలేదు. చేతులకి పని లేక, అరుగు మీద కూర్చుని కట్టుకున్న పంచె కొంగునే మూరలు వేసుకుంటూ ఉండేవారని భార్య దమయంతమ్మ చెప్పి చెప్పి ఏడ్చింది. బయట ముసురు. రాత్రంతా కురిసిన వానకి ఊరి చివర వాగు మీది చప్టా మునిగి, టౌనుకి దారి తెగిపోయింది.

హైమ వెళ్లేసరికి వాళ్ల కులపెద్ద కనకయ్యగారు గుమ్మంలో నిలబడి, “కొత్త గుడ్డ ఏదమ్మా?” అని అడుగుతున్నారు. ఇరుగుపొరుగువాళ్లు అంచు పంచెలు రెండు తెచ్చారు. అవి పైన కప్పడానికి పనికొస్తాయి. ఒంటికి చుట్టే గుడ్డకి అంచు ఉండకూడదని ఆ ఊరి పట్టింపు. బీరువా వెతికారు, అటక వెతికారు. బట్టల కొట్టాయన ఇంట్లో బట్ట లేదు.

“ఊరందరికీ చింపి ఇచ్చిన చెయ్యి. ఆ చేతికి మూరెడు గుడ్డ కరువైందా నాయనా!” అని దమయంతమ్మ నెత్తి కొట్టుకుంది.

మాస్టారు హైమ పక్కనే, గొడుగు ముడిచి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె పెట్టెలో ఏముందో ఆ ఊళ్లో తెలిసిన మనిషి ఆయనొక్కరే అనుకుంది. ఆయన ఆమె వంక చూడలేదు. నేలమీద పడుకోబెట్టిన స్నేహితుడి పాదాలనే చూస్తున్నారు. ఆ చూడకపోవడమే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. “ఇప్పుడే వస్తాను,” అని ఎవరికీ కాకుండా అని, వానలో ఇంటికి నడిచింది.

పెట్టె తెరిచింది. పాప్లిన్ మీద చెయ్యి వేసింది. చల్లగా, మెత్తగా ఉంది. సాయంత్రానికి వాన తెరిపిస్తే వాగు తీస్తుంది, పొద్దున్నే మొదటి బస్సు ఎక్కొచ్చు, జత నచ్చుతుంది, కచ్చితంగా నచ్చుతుంది. కూతురు మూల కూర్చుని పుస్తకానికి అట్ట వేసుకుంటోంది. హైమ మూత వేసేసింది. అప్పుడామెకి తెల్ల లైనింగు ముక్కలు గుర్తొచ్చాయి. జాకెట్లకి పోగా మిగిలినవి ఓ సంచి నిండా ఉన్నాయి. కొత్త గుడ్డే, అంచు లేదు. సంతోషం పట్టలేక మిషను ముందు కూర్చుని ముక్కకి ముక్క జోడించి, మడత మీద మడత వేసి, వేలికి తగలనంత సన్నగా కుట్టింది. ఆ పూట కుట్టినంత మంచి కుట్టు ఆమె అంతకుముందు కుట్టలేదు.

కనకయ్యగారు ఆ గుడ్డని రెండు చేతులా ఎత్తి వెలుతురుకి పట్టారు.

“ఇది అతుకు గుడ్డ కదమ్మా. కుట్టు పడింది ఎలా చుడతాం? ఆఖరి గుడ్డకి సూది తగిలితే ఇక్కడి ముడి విడిపోదంటారు.”

“మాలోనూ అంతేనండి,” అన్నారు మాస్టారు నెమ్మదిగా. “కఫన్‌కి కుట్టుండదు.”

ఇది హైమకి తెలియని సంగతేం కాదు. మొగుణ్ణి సాగనంపిన మనిషికి ఒకరు చెప్పాలా? కానీ మిషను ముందు కూర్చున్న చెయ్యి, తక్కువ పడితే అతుకు వెయ్యడం తప్ప ఇంకోటి ఎరగదు. మాస్టారు ఆ గుడ్డ అందుకుని అతుకు వెంబడి బొటనవేలు నడిపారు. “కుట్టు మాత్రం బాగా పడింది,” అని మడిచి ఇచ్చేశారు. మెచ్చుకున్నారో ఏమో ఆమెకి తెలియలేదు. నలుగురిలో మొహం చెల్లక మళ్లీ ఇంటిదారి పట్టింది.

ఈసారి పెట్టె తెరవలేదు, దాని పక్కన నేలమీద కూలబడింది. ఊరు ఊరంతా ఉంది, ఎవరి ఇంట్లోనో ఒకరి ఇంట్లో దొరక్కపోతుందా అనుకుంది. చప్టా దాటించి ఎవరో తేకపోతారా అనుకుంది. నేనొక్కదాన్నేనా ఆయనకి రుణపడింది, అని కూడా అనుకుంది. ఆ మాట అనుకున్నాక తనమీద తనకే అసహ్యం వేసింది. అన్నం వండలేదు. కూతురు వచ్చి “అమ్మా, ఆకలి” అంటే పక్కింటికి పొమ్మంది. వాన చూరు నుంచి కారుతూనే ఉంది. అలా ఎంతసేపు కూర్చుందో గానీ, వీధి చివర డప్పు మోగింది.

డప్పు మోగిందంటే పాడె లేవబోతోందని అర్థం. హైమ ఉలిక్కిపడి లేచి, పెట్టె తెరిచి, పాప్లిన్ తీసి కొంగు కింద పెట్టుకుని పరిగెత్తింది. సోమవారం ఏమయ్యేదీ అప్పుడామెకి గుర్తు రాలేదు. పొద్దుట గుర్తు రాకుండా ఉంటే ఎంత బాగుండేదో.

పాడె అప్పటికే భుజాలకెత్తారు. ఆయన ఒంటికి తెల్లటి మందపాటి గుడ్డే చుట్టి ఉంది. పొద్దు వాలిపోతోందని కనకయ్యగారు తొందరపెడితే, దమయంతమ్మకి చివరికి తోచిందట. కొట్టులో పరుపు మీద పరిచే, అంచూ కుట్టూ లేని దుప్పటి ఒకటి మిగిలింది. కొనేవాళ్లు కూర్చునే దుప్పటి అది, దాన్నెవరు కొంటారని వ్యానువాడు విసిరేసి పోయాడు. ఊరి ఆడపడుచులంతా ఎక్కి కూర్చుని పెళ్లిచీరలు ఏరుకున్న దుప్పటి. ఎన్ని ఉతుకులు ఉతికినా, ఎవరి పెళ్లిదో పసుపు మరక ఒకటి మూలన అలాగే నిలిచిపోయింది. వాడిన గుడ్డ పనికిరాదని కనకయ్యగారికి తెలుసు. ఏం చేస్తారు, కళ్లు మూసుకున్నారు.

హైమ గేటు దగ్గర నిలబడిపోయింది. పాడె ఆమె ముందునుంచే వెళ్లింది. అరుగుమీద ఆడవాళ్ల మధ్య ఉన్న దమయంతమ్మ, ఆమె కొంగు కింద తెల్లగా కనబడుతున్నది చూసింది. చూసి, ఏడుపు ఆపి, “నీకోసం అట్టిపెట్టిన గుడ్డ కదూ హైమా? వానలో ఎందుకు తెచ్చావే తల్లీ, తడిస్తే పాడైపోదూ?” అంది.

తిట్టినా బాగుండేది. హైమకి భూమి బద్దలై తనని మింగేస్తే బాగుండుననిపించింది.

మాస్టారు అందరికంటే వెనక, మోకాళ్ల నొప్పితో మెల్లగా నడిచి వస్తున్నారు. గేటు దగ్గర ఆగి ఆమె మీదికి గొడుగు పట్టారు. ఆమె గుడ్డని రెండు చేతులా ముందుకి చాచింది.

“ఇప్పుడిది ఏం చెయ్యను మాస్టారూ?”

ఆయన ఒక మూల రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు. “మంచి గుడ్డ. ఇంటికి పోయి కుట్టుకో తల్లీ. ఇక కుట్టు పడినా తప్పు లేదు.”

హైమకి దుఃఖమూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. “మీకు తెలుసు గదా నా దగ్గరుందని! పొద్దుట్నించీ పక్కనే నిలబడ్డారు గదా! ఒక్క మాట అడిగితే ఇచ్చేదాన్ని కానా?”

మాస్టారు వెంటనే జవాబు చెప్పారు. ఆయన చేతిలో ఆ పూట కుట్టేమీ లేదు.

“‘ఇక మనకి కొట్టేది’ అన్నావు కదా ఆ రోజు. నేనడిగితే గుడ్డ వచ్చేదమ్మా,” అన్నారు. “కొట్టు వచ్చేది కాదు.”