సువర్చలమ్మగారి వడియాలు

సువర్చలమ్మగారిని ప్రశ్న అడగాలంటే ముందు చేతులు ఖాళీగా ఉంచుకోవాలి. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని తగిలించడం ఆవిడ అలవాటు. ముప్పై మూడేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి, పదవీ విరమణ చేశాక, హైదరాబాదు నల్లకుంటలో తను ఉండే మేడ మీది వాటాలో ఆదివారం పొద్దున్నే ఉపనిషత్తులు చెబుతుంది. పదిమందో పన్నెండుమందో వస్తారు. పాఠం పుస్తకంలోంచి చెబుతుంది గానీ, జవాబు మాత్రం పుస్తకంలోంచి చెప్పిన పాపాన పోలేదు. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక బ్యాంకు ఆఫీసరు చేత రెండు గంటలపాటు చింతపండులో గింజలు తీయించింది. ఆయన మళ్లీ మోక్షం ఊసెత్తలేదు. కొత్త చింతపండు వచ్చే రోజుల్లో మాత్రం ఏటా తనంతట తనే వచ్చి కత్తిపీట ముందు కూర్చుంటాడు. ఎందుకండీ అంటే, హాయిగా ఉంటుందండీ అంటాడు.

ఆ శిష్యుల్లో అందరికన్నా చిన్నవాడు ఫణీంద్ర. ముప్పై ఆరేళ్లు. ఇంటింటికీ కూరగాయలు పంపే ఒక యాప్‌కి ప్రొడక్ట్ మేనేజర్. వచ్చిన మొదటిరోజే ఆవిడ, "అంటే ఏం చేస్తావు నాయనా?" అని అడిగింది. "యాప్ ఎలా ఉండాలో, ఏం చెయ్యాలో నేను చెబుతానండి. చేసేది వేరేవాళ్లు. సరిగ్గా రాకపోతే మళ్లీ చేయిస్తాను," అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అత్తగారి ఉద్యోగమన్నమాట," అంది. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా ఫణీంద్రే నవ్వాడు. ఆఫీసులో ఇంజనీర్లు తన గురించి అనుకునేది కూడా దాదాపు అదేనని అతనికి తెలుసు.

అలాగని అతను పనికిమాలినవాడు కాదు. యాప్ వాడేవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎదురుగా కూర్చుని, "ఎందుకు?" అని ఒకదాని వెనక ఒకటి ఐదుసార్లు అడిగి, బెండకాయలు కొనబోయి మానేసిన మనిషి మనసులో మాటైనా బయటికి లాగగలడు. లాగిన ప్రతి మాటా ఫోనులో రాసుకుంటాడు. దాంతో రెండుసార్లు ప్రమోషన్ కూడా వచ్చింది. మనకు అన్నం పెట్టిన విద్య ఇంట్లో మాత్రం ఎందుకు పనికిరాదు అనుకున్నాడు పాపం. అక్కడే వచ్చింది చిక్కు.

అతనికి ఆరేళ్ల కూతురుంది, మృదుల. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆ పిల్లతో ఒక సమీక్షా సమావేశం పెట్టాడు. మూడే ప్రశ్నలు: ఈరోజు ఏం బాగుంది, ఏం బాగాలేదు, రేపటికి ఏం మారుద్దాం. మొదట్లో మృదులకు పండగలా ఉండేది. కంచంలో అన్నం చల్లారిపోతున్నా కబుర్లు ఆగేవి కావు. నాన్న తన మాటలు రాసుకుంటున్నాడని గర్వంగా కూడా ఉండేది. రెండు నెలలు గడిచేసరికి మూడు ప్రశ్నలకూ ఒకటే జవాబు వచ్చింది: "ఏం లేదు." భార్య నీరజ, "దాన్ని అన్నం తిననియ్యండి, అదేమన్నా మీ ఆఫీసు మనిషా?" అంది. అతను వినలేదు. ప్రశ్నలు బాగాలేవేమోనని ప్రశ్నలు మార్చాడు. బొమ్మలు గీసిన చార్టు తెచ్చి ఫ్రిజ్‌కి అంటించాడు. ఈ వారం రోజులుగా మరీ విడ్డూరం, తండ్రి ఎదురుపడితే చాలు, పిల్ల చేత్తో నోరు మూసుకుంటోంది. బళ్లో ఎవరైనా కొట్టారా, తిట్టారా? టీచరుకు ఫోన్ చేస్తే అలాంటిదేం లేదంది. ఫణీంద్రకు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం నీరజకు ఊళ్లో పనుంటే కూతుర్ని వెంటబెట్టుకుని పాఠానికి వచ్చాడు. పాఠం అయిపోయి అందరూ వెళ్లాక, మృదుల వరండాలో పిల్లిని పలకరిస్తుంటే, గొంతు తగ్గించి ఆవిడను అడిగాడు. "అమ్మా, నా కూతురు నాకేమీ చెప్పడం లేదండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా గంటలో నాకన్నీ చెప్పేస్తారు. ఇది చెప్పదు. ఆరేళ్లకే ఇలా ఉంటే పదహారేళ్లకు నా మొహం చూస్తుందా? దాని మనసులో ఏముందో నాకు తెలిసేదెలా?" 

సువర్చలమ్మగారు అతని మొహంకేసి కాక, చేతులకేసి చూసింది. "డాబా మీద నిన్న పెట్టిన సగ్గుబియ్యం వడియాలున్నాయి. కాస్త ఊడదీసి పెట్టు నాయనా, నా నడుం వంగడం లేదు," అంది.

డాబా మీద ఒక పాత నూలుచీర పరిచి ఉంది. దాని నిండా వరసలు వరసలుగా వడియాలు. ఒక రోజు ఎండ తిని అంచులు గలగలమంటున్నాయి గానీ, నడిమి భాగం ఇంకా తోలులా సాగుతోంది. ఫణీంద్ర గొంతుక్కూర్చుని మొదటి వడియం అంచు పట్టుకుని లాగాడు. సగం చేతికొచ్చింది, సగం చీరనంటుకుని ఉండిపోయింది. రెండోది మూడు ముక్కలైంది. గోటితో గీరాడు, బ్యాంకు కార్డు తీసి దాని అంచుతో పెకలించాడు, నాలుగు వైపులా నాలుగు పద్ధతులు ప్రయత్నించాడు. పదో వడియం దగ్గరకు వచ్చేసరికి పక్కనున్న పళ్లెంలో నూక తప్ప వడియమన్నది లేదు. ఏ పద్ధతిలో ఎన్ని విరిగాయో ఫోనులో రాసుకోబోతుంటే వెనకనించి ఆవిడ గొంతు వినిపించింది.

"ఎన్నడూ వడియం ఊడదియ్యలేదా? మీ అమ్మ గారాబం చేసినట్టుంది," అని, ఒక గిన్నెతో నీళ్లు అతని ముందు పెట్టింది. "చీర తిరగెయ్యి. వడియాల మొహం అటు, నీ మొహం ఇటు. వెనకనించి గుడ్డ మీద నీళ్లు చిలకరించు. చిలకరించి ఊరుకో. గుడ్డ నానితే వాటంతటవే వదులుతాయి. ఎంత తడపాలో చేతికే తెలుస్తుంది, ఫోనుకి తెలియదు. అది అవతల పెట్టు, తడుస్తుంది."

తర్వాత పిల్లను కేకేసింది. "ఏమే పిల్లా, నీకూ పనుంది రా. ఊడినవి మీ నాన్న ఈ పళ్లెంలో పోస్తాడు, కాకులు రాకుండా కాపలా కాయాలి. కాకులు ఆ కొబ్బరిచెట్టు వైపునుంచి వస్తాయి, అందుకని అటు తిరిగి కూర్చో. మీ నాన్న వీపుకి ఆనుకో, నడుం నొప్పి పుట్టదు." చేతికి ఒక కర్ర ఇచ్చి, "జీతం కింద ఎన్ని కావాలంటే అన్ని తిను," అని మెట్లు దిగి వెళ్లిపోయింది. నడుం వంగడం లేదన్న మనిషి పిలవకుండా డాబా ఎక్కడమేమిటో, పని అప్పగించి అంత త్వరగా దిగిపోవడమేమిటో ఫణీంద్రకు అప్పుడు తట్టలేదు.

అలా తండ్రీ కూతుళ్లు వీపూ వీపూ ఆనించి కూర్చున్నారు. మెట్ల గది నీడ వాళ్ల మీద పడుతోంది. ఫణీంద్ర నీళ్లు చిలకరించి, కాసేపు ఆగి, చీరను కింద నుంచి వేలితో నెడితే వడియం పువ్వులా లేచి వచ్చింది. అతనికి ఎక్కడలేని సంతోషమేసింది. ఇంకోటి, ఇంకోటి. పావుగంటయ్యేసరికి అడగవలసిన ప్రశ్నలేవీ గుర్తుకు రాలేదు. వెనక కర్ర టకటకమంటోంది, వడియం నమిలే చప్పుడు వినిపిస్తోంది.

"నాన్నా," అంది వెనకనుంచి మృదుల.

"ఊఁ."

"కాకికి పళ్లుంటాయా?"

"ఉండవనుకుంటా."

"మరి ఊడవు కదా." కర్ర మళ్లీ టకటకమంది. "నాన్నా, నా పన్ను ఊగుతోంది. సోమవారం నుంచి. ఎవరికీ చెప్పకు."

ఫణీంద్ర చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. వారం రోజులుగా పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగింది ఇందుకా! తిరిగి చూడాలనిపించింది. ఎందుకు చెప్పలేదు అని అడగాలనిపించింది. మోచేతుల దాకా తడి, ఒళ్లో చీర, చీర నిండా సగం ఊడిన వడియాలు. కదిలితే అన్నీ నేలపాలు. "చెప్పను," అన్నాడు.

ఆ ఒక్క మాటకే పిల్ల గుండెలో గడియ తీసినట్టయింది. "నీకు చెబితే రాసేస్తావుగా. అందరికీ చదివేస్తావు. బస్సు అంకుల్ రాత్రిపూట బస్సులోనే బజ్జుంటాడని నీకొక్కడికే చెప్పాను. నువ్వు మీ ఆఫీసువాళ్లకి కంప్యూటర్‌లో చెప్పేశావు. అందరూ నవ్వారు. నేను తలుపు దగ్గరే ఉన్నా."

ఫణీంద్రకు గుర్తొచ్చింది. యాప్ వాడేవాళ్లు ఏమేమి ఊహించుకుంటారో చెప్పడానికి, ఇంటినుంచే వీడియోలో మాట్లాడిన ఒక మీటింగులో కూతురి మాట ఉదాహరణగా వాడాడు. మీటింగు భలేగా సాగిందని ఆ రోజంతా మురిసిపోయాడు కూడా. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. వాడేవాళ్ల మొహాల్లో ముడత కనిపిస్తే చాలు పట్టేసే మనిషి, తన ఇంటి తలుపు చాటున నిలబడ్డ పిల్లను చూడలేకపోయాడు.

"తప్పయిపోయింది తల్లీ," అన్నాడు, తిరక్కుండానే. "నేను అలా చెప్పకుండా ఉండాల్సింది."

వెనక వీపు కాస్త బరువుగా వాలింది. "పర్లేదులే," అంది మృదుల పెద్దరికంగా. ఆపైన ఆనకట్ట తెగింది. బల్ల మీద తన పక్కన కూర్చునే పిల్ల పెన్సిలు కొరుకుతుందట, డ్రిల్లు మాస్టారు ఈల మింగేశాడని ఎవరో చెప్పారట, అది అబద్ధమట, అయినా బాగుందట. వరండాలో పిల్లికి మీసం ఒకవైపే ఉందట. ఫణీంద్ర ఊఁ కొడుతూ, నీళ్లు చిలకరిస్తూ, మధ్యమధ్య నవ్వాపుకోలేక వడియాలు చెదరగొట్టుకుంటూ కూర్చున్నాడు. ఎన్నాళ్లకు విన్నాడు ఆ గొంతు! ఆనందంతో కళ్లు చెమర్చాయి, తుడుచుకుందామంటే చేతులు తడి.

ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. తర్వాత ఒక కేక. "నాన్నా! వడియం నా పన్ను లాగేసింది!"

అతను చీరా గిన్నే వదిలేసి గిర్రున తిరిగాడు. మృదుల చేతిలో సగం కొరికిన వడియం, దానికి అంటుకుని బియ్యపుగింజంత పన్ను. పెదవి మీద ఒక చుక్క రక్తం. ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక అరక్షణం నోరు తెరుచుకుని చూసి, తండ్రి మొహం చూసి పకపకా నవ్వింది. ముందుపంటి సందులోంచి గాలి బయటికొచ్చి ఆ నవ్వు ఈలలా వినిపించింది. దాంతో అతనూ నవ్వాడు. కొబ్బరిచెట్టు మీది కాకులు ఇదే అదనని వచ్చి పళ్లెం మీద వాలాయి. తరిమే నాథుడు లేడు.

"ఊడిన పన్ను ఇంటి కప్పు మీదికి విసరాలని అమ్మమ్మ చెప్పింది," అంది మృదుల ఆయాసపడుతూ. "మనం కప్పు మీదే ఉన్నాంగా! ఇప్పుడెలా?"

ఇద్దరూ చుట్టూ చూశారు. మెట్ల గదికి చిన్న కప్పు ఉంది. ఫణీంద్ర కూతుర్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. మొదటిసారి విసిరితే పన్ను గోడకు తగిలి తిరిగొచ్చింది. ఇద్దరూ కలిసి నేలంతా పాకి వెతికారు. రెండోసారి, మూడోసారి. నాలుగోసారి అది మెట్ల గది కప్పెక్కింది. మృదుల ఆ భుజాల మీదే చప్పట్లు కొట్టింది.

వాళ్లు కిందికి దిగేసరికి సువర్చలమ్మగారు వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పళ్లెంలో కాకులు మిగిల్చిన వడియాలు అందుకుని పక్కన పెట్టింది. పిల్ల నోరు తెరిచి చూపిస్తే, "ఓసి, నీ జీతం కన్నా ఎక్కువే తిన్నావే," అని బుగ్గ పుణికింది. మృదుల తన పంటి సందు చూపించడానికి పిల్లి దగ్గరకు పరుగెత్తింది.

ఫణీంద్ర చొక్కాకు చేతులు తుడుచుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, జవాబు దొరికిందండి. మరిచిపోతానేమో, ఒక్క నిమిషం, రాసుకుంటాను," అని ఫోను తీశాడు.

ఆవిడ అతని చేతులకేసి చూసింది.

"తడి ఆరిందా నాయనా?"

"ఆరిందండి."

"అప్పుడే ఎందుకు ఆరనిచ్చావు?"